ఆ పాపకు ఒక పేరుండేది

కిందటేడు ఒక పత్రిక ఆదివారం సంచికలో హైదరాబాదు రెసిడెంటు ప్రేమకథ మీద రెండు పేజీల వ్యాసం వచ్చింది. పత్రిక పేరు చెప్పను. వ్యాసం మధ్యలో ఒక బొమ్మ వేశారు. ఎర్రటి జామా, దానికి జరీ అంచు, తలమీద టోపీ, మెడలో రెండు పేటల పెద్ద పెద్ద ముత్యాలు. నాలుగేళ్ల బాబు నిటారుగా నిలబడి మనవంకే చూస్తున్నాడు. బాబు భుజం మీద ఎవరిదో చిన్న చెయ్యి ఉంది. ఆ చెయ్యి గల మనిషి మాత్రం లేదు. కాలమ్ వెడల్పుకు సరిపోలేదని పేజీ పెట్టినవాళ్లు కత్తిరించేశారు.

ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఫోన్ చేసి అడిగితే అవతలి అబ్బాయి మర్యాదగానే జవాబిచ్చాడు: "బాబు ముఖం బాగా వచ్చింది కదండీ, పాప కిందికి చూస్తోంది, అందుకని తీసేశాం మేడమ్." కిందికి చూస్తోంది కాబట్టే ఆ బొమ్మ బొమ్మయిందని అతనికి ఎట్లా చెప్పాలో ఆ క్షణంలో నాకు తోచలేదు. ఫోన్ పెట్టేశాను. అప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు చెబుతాను.

ఆ పాప పేరు నూర్ ఉన్నిసా. ఇంట్లో అందరూ పిలిచే పేరు సాహెబ్ బేగం. 1802 ఏప్రిల్ 9న పుట్టిన హైదరాబాదు బిడ్డ. అన్న మీర్ గులాం అలీ, ముద్దుపేరు సాహెబ్ ఆలం, ఆమెకన్నా పదమూడు నెలలు పెద్ద. తల్లి ఖైరున్నిసా, నగరంలో పేరున్న సయ్యద్ కుటుంబం ఆడపిల్ల. తండ్రి జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, 1798 నుంచి నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు. దర్బారు అతనికి ఇచ్చిన బిరుదు హష్మత్ జంగ్. ఈ ఇద్దరి పెళ్లి గురించి, దాని మీద కంపెనీ జరిపిన విచారణల గురించి ఊరంతా చెప్పుకుంటుంది. అది నేను మళ్లీ చెప్పను. చెప్పేవాళ్లు కావలసినంత మంది ఉన్నారు, నా బాధే అది.

తండ్రి పిల్లలను ఇంగ్లండు ఎందుకు పంపాడన్నది మాత్రం చెప్పక తప్పదు. తల్లిదండ్రుల్లో ఒకరు భారతీయులైన పిల్లలకు తన కొలువుల్లో చోటు లేదని కంపెనీ 1791లోనే శాసించింది. ఆ పిల్లలు ఇక్కడే పెరిగితే ఎటూ కాకుండా పోతారని తండ్రి భయం. ఇంగ్లండులో ఉన్న తన తండ్రి దగ్గరికి పంపాలని నిర్ణయించాడు. 1805 సెప్టెంబరులో మద్రాసులో 'లార్డ్ హాక్స్‌బరీ' అనే ఓడ ఎక్కించారు. ఆ ఓడ ఎక్కబోయే ముందు మద్రాసులో పిల్లలిద్దరినీ నిలువెత్తున తైలవర్ణాల్లో గీయించారు. గీసింది జార్జ్ చిన్నెరీ. లండన్‌లో పుట్టి, రాయల్ అకాడమీ బడిలో నేర్చి, 1802 చివర్లో మద్రాసు చేరిన చిత్రకారుడు. అప్పటికి పాపకు మూడేళ్ల అయిదు నెలలు.

మామూలుగా కంపెనీ కుటుంబాల్లో బొమ్మ సీమకు వెళ్తుంది, మనుషులు ఇక్కడ ఉంటారు. ఇక్కడ తిరగబడింది. పిల్లలు సముద్రం మీద వెళ్లిపోయారు, బొమ్మ హైదరాబాదులో తల్లి దగ్గరికి వచ్చింది. ఓడ బయలుదేరిన కొద్ది వారాలకే, అక్టోబరు 15న, తండ్రి కలకత్తాలో జబ్బుతో పోయాడు. పందొమ్మిదేళ్లో ఇరవయ్యేళ్లో ఉన్న తల్లికి బిడ్డల గుర్తుగా మిగిలింది ఆ కాన్వాసు.

ఇప్పుడు బొమ్మ చూడండి. నేను ముప్ఫై ఒక్కేళ్లు డ్రాయింగ్ టీచర్‌గా చేశాను. పుస్తకంలో ఉన్న ఈ చిత్రాన్ని పెద్దది చేయించి, లామినేషన్ చేయించి, ఏటా ఎనిమిదో తరగతి పిల్లల ముందు పెట్టేదాన్ని. ముందు ఏమీ చెప్పేదాన్ని కాదు. "పది నిమిషాలు ఊరికే చూడండి, తర్వాత మాట్లాడదాం" అనేదాన్ని. మొదట అందరూ బాబు గురించే చెప్పేవాళ్లు. ఎరుపు రంగు లాగుతుంది, ముత్యాలు లాగుతాయి, సూటిగా చూసే ఆ కళ్లు లాగుతాయి. నాలుగేళ్ల పిల్లవాడు రాజ్యం తనదే అన్నట్టు నిలబడ్డాడు. అయిదో నిమిషం దాటాక తరగతిలో గోల తగ్గేది. ఒక్కొక్కరి చూపు బాబు నుంచి అతని భుజం మీది చేతి మీదికి, ఆ చెయ్యి వెంట పాప మీదికి వెళ్లేది. ఒక ఏడాది మలక్‌పేట నుంచి వచ్చే ఒక అమ్మాయి, ఎప్పుడూ నోరు విప్పని పిల్ల, "టీచర్, ఈమె ఏడ్చి వచ్చి నిలబడ్డది" అంది. నాకు తెలిసి ఈ చిత్రం మీద అంతకంటే మంచి మాట ఎవరూ అనలేదు.

పాప అన్న కంటే ఒక మెట్టు పైన నిలబడింది. ఆ ఒక్క మెట్టు చిన్నెరీ పనితనం. మూడేళ్ల పిల్లను అన్న పక్కన నేల మీదే నిలబెడితే పొట్టిగా, తోకలా కనబడుతుంది. మెట్టెక్కించేసరికి ఇద్దరి ముఖాలూ దగ్గరయ్యాయి. చెయ్యి సహజంగా అన్న భుజం మీదికి వచ్చింది. పైన ఉన్నది కదా, అన్నను కాచుకుంటున్నట్టుంది. పట్టుకున్న తీరు చూస్తే అతన్ని ఆసరా చేసుకున్నట్టుంది. రెండూ నిజమే. టోపీ కింద నుంచి జుట్టు కొంచెం ఎర్రగా కనబడుతుంది. కళ్లు దించి ఉన్నాయి. రెప్పలు బరువుగా, చుట్టూ ఉబ్బి ఉన్నాయి. ఆ పిల్ల ఎంతసేపు ఏడ్చిందో ఆ రెప్పలే చెబుతాయి.

డబ్బు తీసుకుని బొమ్మ గీసే చిత్రకారుడికి ఆ ఉబ్బు తీసేయడం ఎంత పని? ఒక పల్చటి పూత వేస్తే పోతుంది. రెప్ప కాస్త పైకెత్తితే పోతుంది. ఏ తండ్రీ ఏమీ అనడు, సంతోషిస్తాడు. ఆ కాలం బ్రిటిష్ చిత్రకారులకు పిల్లల బొమ్మ అంటే నవ్వే బొమ్మే. రెనాల్డ్స్ 'ఏజ్ ఆఫ్ ఇన్నొసెన్స్' అని పేరుపడ్డ పాపను తెల్ల గౌనులో చెట్టు కింద కూర్చోబెట్టాడు. థామస్ లారెన్స్ 1823లో గీసిన కాల్మడీ అక్కచెల్లెళ్లు న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉన్నారు. గులాబీ బుగ్గలు, ఉంగరాల జుట్టు, ఆడిపాడుతున్న ఎమిలీ, లారా ఆన్. చాలా గొప్ప చిత్రం, నేను కాదనను. దాని ముద్రణలు ఇంటింటికీ చేరాయి. ఆ చిత్రంలో పిల్లలు ఎవరి కోసం సంతోషంగా ఉన్నారో మనకు తెలుసు. చూసే పెద్దవాళ్ల కోసం. చిన్నెరీ పాప ఎవరి కోసమూ ఏమీ చేయడం లేదు. మూడేళ్ల పిల్ల తన దుఃఖంలో తానుంది. చిత్రకారుడు ఆమెను అట్లాగే ఉండనిచ్చాడు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఒక పిల్లను ఇంత గౌరవంతో చూసిన బ్రిటిష్ చిత్రాలు వేళ్ల మీద లెక్కపెట్టాలి. అయినా పిల్లల చిత్రాల మాట వచ్చినప్పుడు రెనాల్డ్స్ పేరు వస్తుంది, లారెన్స్ పేరు వస్తుంది, ఈ చిత్రం ఊసే రాదు.

ఎందుకు రాదంటే ఈ చిత్రం ఎప్పుడూ ఎవరి ఖాతాలోనో పడుతూ వచ్చింది.

చిన్నెరీ మీద రాసేవాళ్లు అతన్ని చైనా తీరపు చిత్రకారుడంటారు. 1825లో ఇండియా వదిలి మకావు చేరాడు, 1852లో అక్కడే పోయాడు. అక్కడి పడవలు, పడవ నడిపే ఆడవాళ్లు, రేవులు, వీధులు. వాటి స్కెచ్చులతో అతని పేరు నిలిచింది. మద్రాసు, ఢాకా, కలకత్తాల్లో గడిపిన ఇరవై మూడేళ్లు ఆ కథకు ముందుమాట అయిపోయాయి. ఆ పేరు మీదే ఈ కాన్వాసు కూడా హాంకాంగ్‌లో ఒక బ్యాంకు సేకరణలో చేరింది. హైదరాబాదు పిల్ల అక్కడ ఎందుకుందని అడిగితే, ఆమెను గీసినవాడు తర్వాతెప్పుడో అటు వెళ్లాడు కాబట్టి అన్నదే జవాబు.

తండ్రి మీద రాసేవాళ్లకు ఈ బొమ్మ ప్రేమకథకు చివర అతికించే సాక్ష్యం. విలియం డాల్‌రింపుల్ 2002లో 'వైట్ ముఘల్స్' రాసినప్పుడు ఈ పాప కళ్లను ఆగి చూశాడు, చూసినది రాశాడు. ఆ మేలు నేను మరచిపోను. ఆయన తర్వాత ఆ కథను తిప్పి తిప్పి చెప్పినవాళ్లకు అంత ఓపిక లేకపోయింది. గోరా సాహెబు, పరదా చాటు బేగం, తోటలో మహలు, అంతే. పిల్లలు ఆ మహలుకు అలంకారం.

ఇంగ్లిషు సాహిత్యంవాళ్లది ఇంకో దారి. ఈ పాప పెద్దయ్యాక, 1824లో, ఆమె బంధువుల ఇంట్లో పాఠాలు చెప్పే థామస్ కార్లైల్ ఆమెను చూశాడు. మనసు పడ్డాడని చెబుతారు. తర్వాత అతను రాసిన 'సార్టర్ రిసార్టస్'లోని బ్లూమినె అనే నాయిక ఈమేనని చాలామంది నమ్మకం. ఇంకేం, ఆమె కార్లైల్ నాయిక అయిపోయింది. కార్లైల్ కంటపడక ముందు ఇరవై రెండేళ్లు ఆమె ఎవరి నాయిక?

అన్నిటికంటే నన్ను కోసేది చిత్రం పేరు. పుస్తకాల్లో, జాబితాల్లో 'కిర్క్‌పాట్రిక్ పిల్లలు' అని ఉంటుంది. కింద విలియం జార్జ్, కేథరిన్ ఆరోరా అని రాస్తారు. తేదీలు చూడండి. చిన్నెరీ గీసింది 1805లో. లండన్‌లో మేరీల్‌బోన్ చర్చిలో ఈ ఇద్దరికీ బాప్తిస్మం ఇచ్చి ఆ పేర్లు పెట్టింది 1806 మార్చి 25న. అంటే ఈ కాన్వాసు ముందు నిలబడ్డ పిల్లల్లో విలియం లేడు, కేథరిన్ లేదు. ఉన్నది సాహెబ్ ఆలం, సాహెబ్ బేగం. ఆ జామా, ఆ టోపీ, ఆ ముత్యాలు తొడిగింది హైదరాబాదు తల్లి తన గులాం అలీకి. రంగు తడి ఆరి నెలలు గడిచాక, వేరే ఊళ్లో, తల్లి ఎదుట లేకుండా పెట్టిన పేర్లను తెచ్చి తల్లి కోసం గీయించిన బొమ్మకు అంటించారు. రెండు వందల ఏళ్లుగా ఎవరికీ ఇది తప్పుగా తోచలేదు. ఇంటిపేరు తండ్రిది, దాన్ని కాదనడం లేదు. పిలిస్తే తల తిప్పి చూసే పేరు మనిషిది. ఆ రోజు మద్రాసులో "కేథరిన్" అని పిలిస్తే ఆ పిల్ల కళ్లు ఎత్తి ఉండేది కాదు.

తర్వాత కథ త్వరగా చెబుతాను, కొన్ని చోట్ల ఆగలేను కాబట్టి. తల్లి ఖైరున్నిసా భర్త సమాధి చూసుకోవడానికి కలకత్తా వెళ్లింది. ఒకప్పుడు రెసిడెన్సీలో కిర్క్‌పాట్రిక్ కింద పనిచేసిన హెన్రీ రస్సెల్ ఆమెకు చేరువయ్యాడు, తర్వాత వదిలేసి వేరే పెళ్లి చేసుకున్నాడు. ఆమెను హైదరాబాదులో అడుగు పెట్టనివ్వలేదు. మచిలీపట్నంలో సంవత్సరాలు గడపాల్సి వచ్చింది. మన బందరులో, పిల్లలను తీసుకుపోయిన సముద్రం ఒడ్డునే. చివరికి హైదరాబాదు తిరిగి వచ్చి 1813 సెప్టెంబరులో, ఇరవై ఏడేళ్లకే పోయింది. పిల్లలను మళ్లీ చూడలేదు. ఇంగ్లండులో అన్న చిన్నతనంలోనే మరుగుతున్న నీళ్ల డేగిసాలో పడి అవిటివాడయ్యాడు, 1828లో పోయాడు. సాహెబ్ బేగాన్ని అప్పటికి అందరూ కిట్టీ అంటున్నారు. 1829లో ఒక సైనికాధికారిని పెళ్లి చేసుకుంది.

1841 ప్రాంతంలో ఆమె బెర్క్‌షైర్‌లోని స్వాలోఫీల్డ్ పార్క్ అనే పెద్ద ఇంటికి చూడటానికి వెళ్లింది. అది హెన్రీ రస్సెల్ ఇల్లు. తల్లి దగ్గర ఉండవలసిన బొమ్మ అతని చేతికి వచ్చి ఆ ఇంటి మెట్ల దారిలో గోడకు వేలాడుతోంది. మెట్ల దగ్గర తలెత్తి చూసింది. ఎర్ర జామాలో అన్న. అన్న భుజం మీద చెయ్యి వేసి కళ్లు దించుకున్న తను. అన్న పోయి పదమూడేళ్లు. ఆమె అక్కడే ఏడ్చేసింది.

ఈ దృశ్యం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. పైన గోడ మీద మూడేళ్ల పాప కిందికి చూస్తోంది. కింద మెట్ల మీద నలభైకి దగ్గరపడ్డ ఆడమనిషి పైకి చూస్తోంది. ముప్ఫై ఆరేళ్లుగా ఆ దించిన కళ్లు చూస్తున్నది ఈమెనేనా అనిపిస్తుంది.  తను తల్లిని విడిచిన రోజుల ముఖాన్ని ఈ కాన్వాసు దాచి ఉంచింది. చిన్నెరీ ఆ ఉబ్బును పూత వేసి కప్పేసి ఉంటే, లారెన్స్ పిల్లల్లా నవ్వించి ఉంటే, ఆ రోజు ఆమె చూసేది ఎవరిని?

అమ్మమ్మ షరఫున్నిసా ఇంకా హైదరాబాదులో బతికే ఉందని తెలిశాక కిట్టీ ఆమెకు ఉత్తరాలు రాసింది. అమ్మమ్మ ఫారసీలో జవాబులు రాయించింది. రెసిడెన్సీలో పనిచేసే ఒక బ్రిటిష్ అధికారి వాటిని అటూ ఇటూ అందేలా చూశాడు. మూడేళ్లకు ఇల్లు వదిలిన మనిషి ఆ ఉత్తరాల్లో ఇంటి వరండాను, దర్జీలు కూర్చుని కుట్టే చోటును, డాబా మీద అమ్మ జారనిచ్చి ఆడించిన చోటును గుర్తు చేసుకుంది. విడిపోయిన రోజు తల్లి తన పొడుగాటి జుట్టు పీక్కుంటూ ఏడ్చిన ఏడుపు గుర్తుందని రాసింది. ఆ జుట్టులో ఒక్క పాయ దొరికితే చాలు, లోకాలే ఇచ్చేస్తానంది. అమ్మమ్మ 1847లో పోయింది. ఇద్దరూ మళ్లీ ఒకరినొకరు చూసుకోలేదు. కిట్టీ 1889లో, ఎనభై ఆరేళ్ల వయసులో, ఇంగ్లండు దక్షిణ తీరాన టార్కీ పట్టణంలో కన్నుమూసింది.

అది చదివాక మళ్లీ బొమ్మ చూడండి. అన్న కొత్త లోకాన్ని చూస్తున్నాడు. చెల్లెలు చూడటం లేదు. ఆమె కళ్లు ఇంకా ఆ డాబా మీదే ఉన్నాయి.

నేను కోఠీ ఉమెన్స్ కాలేజీలో చదువుకున్నాను. మేం పాఠాలు విన్నది కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీలోనే. ఆ భవనం పని 1803లో మొదలైంది, కట్టించినవాడు అందులో నిండా ఉండనే లేదు. వెనక తోట వైపు రంగ్ మహల్ ఉండేదని, అందులో ఖైరున్నిసా ఉండేదని, పరదా దాటి ముందుకు వచ్చి భవనం చూడలేని ఆమె కోసమే అక్కడ భవనం నమూనా చిన్నది కట్టించారని సీనియర్లు చెప్పేవాళ్లు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు పట్టుకుని అక్కడికి వెళ్లి కూర్చునేవాళ్లం. ఆ తోటలోనే ఒక చిన్న పిల్ల తిరిగిందని, ఆమె బొమ్మ ఒకటి ప్రపంచంలో ఎక్కడో ఉందని మాలో ఎవరికీ తెలియదు. నేను తెలుసుకునేసరికి నా జుట్టు నెరిసింది. వేలమంది ఆడపిల్లలు చదువుకున్న చోటు అది. వాళ్లలో ఒక్కరు కూడా ఆ చోటి మొదటి ఆడపిల్ల ముఖం చూడకుండా డిగ్రీ పట్టుకుని వెళ్లిపోవడం నాకు చాలా అన్యాయంగా ఉంది.

అసలు చిత్రం తెచ్చి ఇవ్వమని నేను ఎవరినీ అడగడం లేదు. బ్యాంకుల సేకరణలు ఎట్లా నడుస్తాయో నాకు తెలుసు, అడిగితే వచ్చేది కాదు. అడిగేది చిన్న సంగతి. ఆ భవనానికి ఈ మధ్యే మరమ్మతులు చేసి కళ తెచ్చారు. అందులో ఒక గోడ మీద ఈ చిత్రానికి మంచి నకలు, అసలు కొలతల్లో, అసలు రంగుల్లో, ఒక్క అంగుళం కత్తిరించకుండా పెట్టండి. నకలు అనగానే చిన్నచూపు చూడకండి. మన పిల్లలు రవివర్మను కేలండర్ల మీద చూసే బొమ్మలు గీయడం నేర్చుకున్నారు. బడి పుస్తకాల్లో హైదరాబాదు చరిత్ర పాఠం వచ్చినచోట రెసిడెన్సీ స్తంభాల ఫోటో ఎలాగూ వేస్తారు, పక్కన ఈ పిల్లల బొమ్మ వేయండి. పత్రికలవాళ్లకు నా మనవి ఒకటే. కాలమ్ సరిపోకపోతే బొమ్మ వేయకండి, అంతేగాని చెల్లెల్ని తీసేసి అన్నను వేయకండి.

పేరు మాత్రం సరిగ్గా రాయండి. తెలుగులో, ఉర్దూలో. మీర్ గులాం అలీ, సాహెబ్ ఆలం. నూర్ ఉన్నిసా, సాహెబ్ బేగం. మద్రాసు, 1805. గీసినవాడు జార్జ్ చిన్నెరీ. ఇంగ్లండులో పెట్టిన పేర్లు కావాలంటే కింద, చిన్న అక్షరాల్లో, పెట్టిన తేదీతో సహా రాయండి.

ఇంకొక్కటి. నకలును మరీ కళ్ల ఎత్తున తగిలించకండి. మెట్లెక్కి వచ్చేవాళ్లకు కొంచెం పైన ఉండనివ్వండి. ఫస్టియర్ పిల్ల ఎవరో టిఫిన్ డబ్బా, పుస్తకాలు పట్టుకుని తొందరగా పైకి వస్తూ ఒక్కసారి తలెత్తితే, ఆ దించిన కళ్లు సరిగ్గా ఆ పిల్ల మీద పడాలి.